సంతానలేమి - పురుషుని పరీక్ష

‘గొడ్రాలు’ అను మాట తెలియని తెలుగువారుండరు. పేరంటమునకు పిలువకుండుటకును, శుభకార్యమునకు బయలుదేరువేళ ఎదురు రానీయకుండుటకును, అత్తవారింట కలహము ముదిరినపుడు చివరి బాణముగా వేయుటకును ఆ మాట తరతరములుగా పనికివచ్చినది. దానికి సరియైన పురుషవాచకము మన వాడుకలో ఏదియని మేము కార్యాలయములో నలుగురిని అడిగి చూచితిమి. ముగ్గురు ఆలోచించి ఊరకుండిరి. నాలుగవవారు ‘నపుంసకుడు’ అనిరి. అది పూర్తిగా వేరు సంగతి. దాంపత్య జీవితమున ఏ లోపమును లేక, కండబలము గలిగి, మీసము మెలివేయుచు తిరుగు పురుషుని వీర్యమునందు కూడ శుక్రకణములు లేకపోవచ్చును. కంటికి ఆ వీర్యము తక్కినవారి వీర్యము వలెనే యుండవచ్చును. సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూచిననే గాని ఆ సంగతి ఆ పురుషునకే తెలియదు.

మా ఆరోగ్య ప్రసంగములపై వచ్చు ఉత్తరములలో సంతానము కలుగలేదని వ్రాయునవి తరచుగా స్త్రీల చేతివ్రాతలో నుండును. వానియందలి కథ ఇంచుమించు ఒకటే. పెండ్లియై నాలుగేండ్లో అయిదేండ్లో గడచినవి. ఆమెకు రక్తపరీక్షలు చేసిరి, స్కానింగు తీసిరి, గర్భనాళములు తెరచి యున్నవో లేదో చూచుటకు మందు ఎక్కించి ఎక్స్‌రే తీసిరి. కొందరికి మత్తు ఇచ్చి, పొట్టపై చిన్న గాటు పెట్టి, లోనికి గొట్టము పంపి చూచుట కూడ జరిగినది. మ్రొక్కులు, ముడుపులు, నాటుమందులు సరేసరి. ఇప్పుడు ఇంట రెండవ పెండ్లి మాట వినబడుచున్నది. భర్తకు ఏ పరీక్ష జరిగినదన్న ముక్క మాత్రము ఆ ఉత్తరములలో కనబడుట అరుదు. తిరిగి వ్రాసి అడిగినచో, ‘వారికేమి, బాగుగనే యున్నారు గదా’ అని సమాధానము వచ్చును.

సూది గాని, కోత గాని, మత్తు గాని లేకుండ జరుగు సులభమైన పరీక్ష ఈ వ్యవహారములో ఒకటి కలదు. అది భర్తకు చేయు వీర్యపరీక్ష. ఖర్చు స్వల్పము, ఫలితము తరచుగా ఆనాడే తెలియును. అట్టిది మొదట జరుగవలసి యుండగా చివరకు జరుగుచున్నది. కొన్ని ఇండ్లలో అసలే జరుగుట లేదు. దీనివలన పోవునది డబ్బు మాత్రమే యైనచో ఇంతగా చెప్పవలసిన పని లేకపోవును. భార్య వయస్సు పోవుచున్నది. స్త్రీలో గర్భధారణశక్తి ముప్పదియైదు దాటినపిమ్మట త్వరత్వరగా తగ్గును. పురుషుని పరీక్ష వాయిదా వేసిన మూడేండ్లు ఆమెకు తిరిగి రావు.

ఏడాదిపాటు దంపతులు కలిసియుండి, గర్భనిరోధక సాధనము లేవియు వాడకున్నను గర్భము నిలువకున్నచో దానిని సంతానలేమి అనవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనము. భార్యకు ముప్పదియైదేండ్లు దాటినచో ఏడాది ఆగనక్కరలేదు. ఆరు నెలలకే వైద్యుని కలియుట మంచిది. వయోజనులలో సుమారు ఆరుగురిలో ఒకరు జీవితమున ఎప్పుడో ఒకప్పుడు ఈ కష్టము ననుభవింతురని ఆ సంస్థ 2023లో ప్రకటించినది. ఇట్టి దంపతులలో సుమారు సగము సందర్భములందు లోపము పురుషునియందే గాని, ఇద్దరియందును గాని ఉండునని వైద్యుల అనుభవము. కావున భార్యను మాత్రమే పరీక్షించుట సగము ఇల్లు వెదకి, పోయిన వస్తువు లేదని తేల్చుట వంటిది.

ఇది పాశ్చాత్యులు తెచ్చిన కొత్త ఊహ యని మన పెద్దలు కొందరు తలంతురు. సుశ్రుత సంహితయందు శారీరస్థానము రెండవ అధ్యాయము శుక్రదోషములతోనే మొదలగును. ఆ దోషములు ఎనిమిది యని అందు లెక్కించిరి. నిర్దోషమైన శుక్రము ఎట్లుండవలెనో కూడ చెప్పిరి. సూక్ష్మదర్శిని లేని కాలమున కంటికి కనబడునంతవరకే వారు చూడగలిగిరి. అయినను పురుషుని చూడవలెనన్న తలంపు వారికి కలదు. పురాణముల మాటకు వచ్చినను, దశరథునకు మువ్వురు రాణులుండియు కుమారులు లేకపోయినపుడు, పుత్రకామేష్టికి దీక్ష వహించినవాడు రాజే. కౌసల్యను గొడ్రాలని ఎవరును వెడలగొట్టలేదు.

శుక్రకణములను మొట్టమొదట కన్నులార చూచి లోకమునకు తెలిపినవాడు హాలెండు దేశమున డెల్ఫ్ట్ పట్టణపు బట్టలవర్తకుడు ఆంటోనీ వాన్ లేవెన్‌హుక్. తన చేతితో తానే కటకములు సానపట్టుకొని చూచెడివాడు. 1677లో యోహాన్ హామ్ అను వైద్యవిద్యార్థి ఒక రోగి వీర్యమును తెచ్చి, ఇందులో తోకలు గల జీవులు కదలుచున్నవని చెప్పగా, లేవెన్‌హుక్ ఆరోగ్యవంతుని వీర్యమును కూడ పరీక్షించి, లండనులోని రాయల్ సొసైటీకి ఉత్తరము వ్రాసెను. ఈ పదార్థము ధర్మబద్ధమైన దాంపత్యము వలన లభించినదే యనియు, ఈ సంగతి పండితులకు అసహ్యముగా తోచినచో ప్రచురింపకుండవచ్చుననియు అందు విన్నవించుకొనెను. మన యువకులు ప్రయోగశాల గుమ్మము వద్ద పడు సిగ్గునకు మూడు వందల నలువది యేండ్లకు పైబడిన వంశచరిత్ర కలదన్నమాట. శుక్రకణము అండములో ప్రవేశించి, రెండింటి కేంద్రములును ఏకమగుటయే సృష్టికి మూలమని తెలియుటకు మరి రెండు వందల సంవత్సరములు పట్టినది. 1876లో జర్మనీ దేశీయుడు ఆస్కర్ హెర్ట్‌విగ్ ఒక సముద్రజీవి అండములలో దానిని చూచెను.

ఇక పరీక్ష సంగతి. దానికి ముందు కనీసము రెండు దినములు, ఎక్కువలో ఎక్కువ ఏడు దినములు వీర్యస్ఖలనము లేకుండ ఉండవలెను. రెండు దినములకు లోపైనచో లెక్క తక్కువగా వచ్చును. ఏడు దాటినచో సంఖ్య పెరిగినను కదలిక తగ్గవచ్చును. ప్రయోగశాలలో ఏకాంతముగా ఒక గది ఇచ్చి, వెడల్పు మూతి గల శుభ్రమైన డబ్బా ఇత్తురు. హస్తప్రయోగముచే వీర్యమును అందులో పట్టి ఇయ్యవలెను. సబ్బు, నూనె, లాలాజలము తగులరాదు. బజారులో అమ్ము మామూలు తొడుగులలో పట్టినది పనికిరాదు. వానికి పూసిన మందు శుక్రకణములను చంపును. ఆ పద్ధతికి మనస్సొప్పనివారికి ప్రత్యేకమైన తొడుగులు కలవు, వైద్యుని అడుగవచ్చును. ఇంటివద్ద పట్టినచో గంటలోపల, శరీరపు వేడి తగులునట్లు చొక్కా లోపల పెట్టుకొని, ప్రయోగశాలకు చేర్చవలెను. మంచుగడ్డలలో పెట్టి తెచ్చువారున్నారు, అది తప్పు.

మరియొక ముఖ్య విషయము. శుక్రకణములలో ఎక్కువ భాగము మొదటి బొట్లలోనే వచ్చును. ఆ మొదటి భాగము డబ్బా వెలుపల పడినచో ఆ సంగతి నిస్సంకోచముగా చెప్పవలెను. చెప్పక ఊరకున్నచో ఉన్న కణములు లేవని రిపోర్టు వచ్చును. ఆ కాగితము మీద ఎన్నో నిర్ణయములు జరిగిపోవును.

వీర్యము మొదట చిక్కగా ఉండి, సాధారణముగా అరగంట లోపల పలుచబడును. అప్పుడు దాని పరిమాణము కొలిచి, ఒక బొట్టు గాజుపలకపై వేసి కణముల కదలిక చూతురు. ముందుకు ఈదునవి, ఉన్నచోటనే కొట్టుకొనునవి, కదలనివి అని వేరుపరుతురు. పిమ్మట కొలత ప్రకారము నీళ్ళలో కలిపి, రక్తకణములు లెక్కించుటకు వాడు గళ్ళ గాజుపలకపై వేసి లెక్కింతురు. నియమము ప్రకారము ఇన్నూరు కణములకు తగ్గకుండ, రెండు మారులు లెక్కించి సరిచూడవలెను. మరియొక బొట్టునకు రంగు వేసి తల, మెడ, తోకల ఆకారములు పరిశీలింతురు. చెప్పుటకు సులభమే గాని ఇది కన్నునకు, ఓపికకు పరీక్ష. అయిదు నిమిషములలో ముగించి వ్రాసి ఇచ్చు రిపోర్టును మేమైతే నమ్మము.

రిపోర్టు చేతికి వచ్చినపిమ్మటనే అసలు బాధ మొదలగును. దానిని చదువుట తెలియక ఎందరో నిద్రాహారములు మానుచున్నారు. అందులోని అంకెల కథ కొంచెము చెప్పవలెను. 1929లో అమెరికాలో మాకంబరు, సాండర్సు అను వైద్యులు శుక్రకణముల సంఖ్యకును సంతానమునకును గల సంబంధమును లెక్కలతో చూపిరి. 1951లో న్యూయార్కులో జాన్ మెక్లియోడు, రూత్ గోల్డు అనువారు సంతానము గల వేయిమందిని, సంతానము లేని దంపతులలోని వేయిమంది పురుషులను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చిరి. రెండు గుంపుల నడుమ భేదము కలదు. కాని ఒక గుంపులోని అంకెలు రెండవ గుంపులో కూడ విరివిగా కనబడినవి. తక్కువ లెక్క గల తండ్రులున్నారు; ఎక్కువ లెక్క యుండియు తండ్రులు కానివారున్నారు. నాటినుండి నేటివరకు ఆ చిక్కు విడలేదు.

ప్రయోగశాలలన్నియు ఒకే పద్ధతిని అనుసరించుటకై ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ఒక కరదీపిక ప్రచురించినది. దాని ఆరవ కూర్పు 2021లో వెలువడినది. అందలి అంకెల ప్రకారము వీర్య పరిమాణము 1.4 మిల్లీలీటర్లు; ఒక్క మిల్లీలీటరునకు శుక్రకణములు 16 మిలియన్లు, అనగా మన లెక్కలో 1 కోటి 60 లక్షలు; మొత్తము మీద 3 కోట్ల 90 లక్షలు; కదలునవి నూటికి 42; ముందుకు సాగునవి నూటికి 30; సరియైన ఆకారము గలవి నూటికి 4. ఇవి క్రింది హద్దులు. పూర్వపు కూర్పులలో ఈ హద్దులు కొంత వేరు. కొన్ని ప్రయోగశాలల కాగితములపై ఇప్పటికిని పాత అంకెలే యుండును. కావున రెండు రిపోర్టులు పోల్చునపుడు ప్రక్కన అచ్చువేసిన హద్దు ఏదో చూడవలెను.

ఈ హద్దులు ఎట్లు వచ్చినవి? భార్యకు ఏడాదిలోపల గర్భము నిలిచిన పురుషులను పలుదేశములలో పరీక్షించి, వారిని తక్కువనుండి ఎక్కువకు వరుసగా నిలువబెట్టి, క్రిందినుండి నూటికి అయిదవవాని అంకెను గీతగా గీచిరి. అనగా ఆ గీతకు దిగువన ఉన్న అయిదుగురును తండ్రులే. గీత దాటనివానికి సంతానము కలుగదనుట ఎంత తప్పో, దాటినవానికి తప్పక కలుగుననుట కూడ అంతే తప్పు. పరీక్ష తప్పినవారు, గెలిచినవారు అని విడదీయుటకు ఇది మెట్రిక్యులేషను కాదు.

అన్నిటికంటె ఎక్కువ భయపెట్టునది ఆకారము లెక్క. ‘సహజాకారము 5 శాతము’ అని చదివి, నూటికి తొంబదియైదు వికారములైనవట యని ఏడ్చువారున్నారు. నూటికి నాలుగు చాలునన్న సంగతి వారికి ఎవరును చెప్పరు. కొలత అంత కఠినము. తల వంకరగా నున్న శుక్రకణము వలన వంకర బిడ్డ పుట్టునన్న భయము కూడ నిరాధారము.

ఒకే మనిషి వీర్యము ఒక నెలలో ఉన్నట్లు మరుసటి నెలలో ఉండదు. లెక్క రెట్టింపు కావచ్చును, సగము కావచ్చును. వృషణములలో ఒక శుక్రకణము తయారగుటకు సుమారు 74 దినములు పట్టును. వెలుపలికి వచ్చు దారిలో మరికొన్ని దినములు గడచును. కావున నేటి పరీక్షలో కనబడునది ఇంచుమించు మూడు నెలల నాటి ఆరోగ్యము. రెండు నెలల క్రిందట టైఫాయిడో డెంగ్యూయో వచ్చి ఒళ్ళు కాగినచో ఇప్పటి లెక్క పడిపోయి యుండవచ్చును. అట్టివారు జ్వరము తగ్గిన మూడు నెలలకు మరల పరీక్ష చేయించుకొనవలెను. మొదటి రిపోర్టు బాగుగా లేనిచో ఎవరైనను రెండవ మారు చేయించుకొనిన పిమ్మటనే మాటాడవలెను.

రెండు మారులును శుక్రకణములు అసలే లేవని తేలినచో? పురుషులలో నూటికి ఒకరికి ఈ స్థితి యుండును. దీనిని ఎజూస్పెర్మియా అందురు. దీనితో కథ ముగిసినదని తలపరాదు. అప్పుడు వైద్యుడు అడుగు ప్రశ్న ఒకటే: కణములు తయారగుట లేదా, తయారై దారి మూసికొనిపోయినదా? మొదట చేతితో పరీక్షించును. వృషణముల పరిమాణము కొలుచుటకు పన్నెండు పూసల దండ వంటి సాధన మొకటి కలదు. పూసలతో పోల్చి కొలుతురు. వృషణములు సరియైన పరిమాణములో నుండి, రక్తములో ఎఫ్.ఎస్.హెచ్. అను హార్మోను మామూలుగా నున్నచో దారి మూసికొనియుండవచ్చును. వృషణములు చిన్నవై, ఆ హార్మోను పెరిగియున్నచో తయారీలోనే లోపము. మెదడు అడుగున గల పిట్యూటరీ గ్రంథి, సరకు రాలేదని కేక వేయుచున్నదన్నమాట. వీర్యము మరీ కొద్దిగా నుండి, అందు ఫ్రక్టోజు అను చక్కెర లేనిచో శుక్రవాహికలు పుట్టుకతోనే లేకపోవచ్చును. మధుమేహము ముదిరినవారిలో వీర్యము వెలుపలికి రాక మూత్రాశయములోనికి వెనుకకు పోవుట కలదు. స్ఖలనము పిమ్మట మూత్రమును పరీక్షించి దీనిని కనుగొందురు.

కొందరికి క్రోమోజోముల పరీక్ష కూడ చేయుదురు. పురుషునకు ఉండవలసిన ఎక్స్, వై అను రెండింటికి తోడు మరియొక ఎక్స్ ఉండుటను క్లైన్‌ఫెల్టరు స్థితి యందురు. వై క్రోమోజోమునందలి చిన్నభాగములు లోపించుట మరియొకటి. భారతీయ పురుషులలో ఈ లోపమును గూర్చి హైదరాబాదులోని సి.సి.యం.బి. పరిశోధకులు కృషిచేసి యున్నారు. ఏ భాగము లోపించినదన్న దానిని బట్టి, వృషణములలో వెదకిన కణములు దొరకునో లేదో వైద్యులు ముందుగనే కొంత చెప్పగలరు. ఆ లోపము పుట్టబోవు కుమారునకు సంక్రమించునన్న సంగతియు దంపతులకు ముందే తెలుపవలెను.

వృషణముల చుట్టును సిరలు ఉబ్బియుండుటను వెరికోసీల్ అందురు. ఇది పురుషులలో నూటికి సుమారు 15 మందికి, సంతానలేమికై పరీక్షకు వచ్చువారిలో సుమారు 40 మందికి కనబడును. ఇది గల పురుషులలో అధికసంఖ్యాకులు తండ్రులగుచునే యున్నారు. చేతికి తగులునంత ఉబ్బు ఉండి, వీర్యపరీక్ష కూడ బాగుగా లేనపుడు మాత్రమే శస్త్రచికిత్స యోచింతురు. స్కానింగులో మాత్రమే కనబడు చిన్న ఉబ్బునకు కత్తి పట్టనక్కరలేదు.

వైద్యుడు చేయు పనిని గూర్చి కూడ అడుగును. ఇందులకు కారణము కలదు. 1977లో కాలిఫోర్నియా రాష్ట్రమున లాత్రోప్ అను ఊరి కర్మాగారములో డి.బి.సి.పి. అను పురుగుమందు కలుపు పనివారు, తమలో కొంతకాలముగా ఎవరికిని పిల్లలు పుట్టుట లేదని తమలో తాము చెప్పుకొని, వీర్యపరీక్ష కోరిరి. పెక్కుమందికి కణములు మిక్కిలి తక్కువగానో, అసలే లేకనో తేలినది. అంతవరకు ఆ ఇండ్లలో ఎందరు స్త్రీలు మాటలు పడిరో ఎవరు వ్రాసిపెట్టిరి? ఇంతటి సంగతిని బయట పెట్టినది ఈ చిన్న పరీక్షయే. 1979 నాటికి అమెరికాలో ఆ మందు వాడుక దాదాపుగా నిలిపివేసిరి.

నేడు మన పట్టణములలో వేరొక ప్రమాదము పెరుగుచున్నది. కండలు పెంచుటకై వ్యాయామశాలలలో కొందరు యువకులు టెస్టోస్టెరోను ఇంజెక్షనులు వేయించుకొనుచున్నారు. ఇది మగతనము పెంచునని వారి నమ్మకము. బయటినుండి హార్మోను వచ్చినపుడు, ఇంక పని లేదని పిట్యూటరీ గ్రంథి ఊరకుండును. వృషణములు శుక్రకణములను తయారుచేయుట మానును. లెక్క సున్నకు దిగవచ్చును. మానివేసిన కొన్ని నెలలకు తరచుగా తిరిగి వచ్చును గాని, అందరికిని వచ్చునని పూచీ లేదు. సంతానము కోరి వచ్చిన పురుషునకు ‘బలమునకు’ అని ఈ ఇంజెక్షనే వ్రాయుట ఎంత విపరీతమో చెప్పనక్కరలేదు. పొగాకు, అతి మద్యపానము, కొలిమి వేడిమి మొదలగువానిని గూర్చి అందరును ఎరిగినదే.

ఔషధములతో, శస్త్రచికిత్సతో సరికాని లోపములకును నేడు దారి కలదు. 1992లో బ్రస్సెల్సు నగరమున వైద్యులు ఒకే ఒక శుక్రకణమును సన్నని సూదితో అండములోనికి ఎక్కించి గర్భము నిలుపగలిగిన సంగతి ప్రకటించిరి. దీనిని ఇక్సీ అందురు. వీర్యములో కణములు లేకున్నను, వృషణమునుండి సూదితో తీసిన కొలదికణములతో ఇది సాధ్యము కావచ్చును. అయితే ఇందులో కూడ ఇంజెక్షనులు పొడిపించుకొని, మత్తు తీసికొని, అండములు తీయించుకొనవలసినది భార్యయే. లోపము భర్తదైనను ఒళ్ళు ఆమెది. ఈ కారణముచేతనే, భర్తలోని లోపము సరిచేయదగినదో కాదో పూర్తిగా తేలకముందు ఈ చికిత్సకు తొందరపెట్టు క్లినిక్కుల విషయమై జాగ్రత్త అవసరము. 2021లో పార్లమెంటు చేసిన చట్టము ప్రకారము ఇట్టి చికిత్స చేయు క్లినిక్కులన్నియు ప్రభుత్వమువద్ద నమోదు కావలెను. చేరుటకు ముందు ఆ నమోదు సంఖ్యను, భర్తకు జరిగిన రెండు రిపోర్టుల నకళ్ళను అడిగి తీసికొనుటకు దంపతులకు హక్కు కలదు.